ఓపెన్ సోర్స్‌కు నీరటి మేర

(హన్మకొండలో ఇంజనీరింగ్ విద్యార్థులు, ఐటీ ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సెలవు పూట ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. నిట్ పిల్లలున్నారు, కాకతీయ యూనివర్సిటీ పిల్లలున్నారు, మడికొండ ఐటీ పార్కులో పనిచేస్తున్నవాళ్లున్నారు, హైదరాబాద్ కంపెనీలకు ఇక్కడ ఇంట్లో కూర్చునే పనిచేస్తున్నవాళ్లూ ఉన్నారు. ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో మీకు మొదటినుంచి చెప్పనక్కర్లేదు. నేరుగా విషయంలోకే పోదాం. ఎవరో రాసి ఊరికే ఇచ్చిన సాఫ్ట్‌వేర్ మీద కోట్లు గడిస్తున్న కంపెనీలు ఆ రాసినవాళ్లకు ఏమైనా బాకీ ఉన్నాయా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. రాసిన కోడ్‌కు బాకీ లేవు. ఆ కోడ్‌ను ఇవాళ కూడా కనిపెట్టుకుని ఉన్న మనిషి శ్రమకు బాకీ ఉన్నాయి. ఈ రెండూ కలిపి మాట్లాడతాం కాబట్టే ఈ వాదన ఎప్పుడూ తెగదు.

ముందు మన చేతిలో ఉన్నదే చూద్దాం. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవాళ్లు తీసి ‘స్త్రీ’ అని టైప్ చేయండి. మన కంటికి అది ఒకటే అక్షరం. ఫోన్‌కు మాత్రం వరసగా వచ్చే ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఆఖర్న గుడిదీర్ఘం. ఆఖర్న వచ్చిన గుడిదీర్ఘాన్ని మొదట ఉన్న ‘స’ నెత్తి మీద పెట్టాలి. త వత్తును, క్రావడిని కిందికి దించి, ఒకదాన్నొకటి తొక్కకుండా సర్దాలి. పాత ఫోన్లు వాడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, తెలుగు మెసేజ్ వస్తే డబ్బాలు డబ్బాలుగా కనిపించేది, లేదంటే వత్తులు ఊడిపోయి పక్కన పడేవి. ఇప్పుడు ఈ సర్దుబాటంతా చేస్తున్నది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాంలు తమలో కలుపుకుని వాడుకునే తయారు కోడ్. ఆండ్రాయిడ్‌లో అదే, క్రోమ్‌లో అదే, ఫైర్‌ఫాక్స్‌లో అదే, లిబ్రే ఆఫీస్‌లోనూ అదే. దాన్ని ఏళ్ల తరబడి ముందుండి నడిపిన బెహదాద్ ఎస్ఫహ్‌బోద్ ఇరాన్‌లో పుట్టిన ఇంజనీరు. మన వత్తులు కుదురుగా కూర్చోవడం వెనక ఆయనా, ఆయనతో కలిసి పనిచేసినవాళ్లూ పడ్డ కష్టం ఉంది. ఆయన రెడ్ హ్యాట్‌లో, తర్వాత గూగుల్‌లో ఉద్యోగం చేస్తూ ఈ పని చేశాడు. అంటే నెలనెలా జీతమిచ్చిన కంపెనీ ఒకటి ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇంకోవైపు మన బమ్మెర పోతన పేరు మీద ఉన్న ఫాంట్ చూడండి. యూనికోడ్ తెలుగు, అంటే అన్ని కంప్యూటర్లలో ఒకేలా చదవగలిగే తెలుగు, అప్పుడప్పుడే అడుగులేస్తున్న రోజుల్లో తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అని రెండు ఫాంట్లు తయారుచేసి ఎవరైనా వాడుకోండని ఇచ్చేశారు. కంప్యూటర్ మీద తెలుగు మొదటిసారి చదివింది ఆ ఫాంట్‌తోనే అనేవాళ్లు నా వయసువాళ్లలో చాలామంది దొరుకుతారు. దాని వెనక ఏ కంపెనీ లేదు.

ఇక చట్టం సంగతి. ఎంఐటీ లైసెన్స్ ఉన్న కోడ్‌ను ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రాసినవాళ్ల కాపీరైట్ నోటీసు తీసేయకూడదు, అంతే. జీపీఎల్ అనే ఇంకో లైసెన్స్ అయితే, మార్చిన ప్రోగ్రాంను ఎవరికైనా ఇస్తే దాని సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. డబ్బు కట్టాలని ఏ ఓపెన్ సోర్స్ లైసెన్సూ అడగదు. పైగా దాదాపు ప్రతి లైసెన్స్‌లోనూ ఒక మాట పెద్దక్షరాల్లో ఉంటుంది: ఇది ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, దీనికి ఏ పూచీ లేదు. ఈ రెండో మాటను కంపెనీలు చదవనట్టే ప్రవర్తిస్తాయి. ఉచితం అన్న సగాన్ని పట్టుకుంటాయి, పూచీ లేదన్న సగాన్ని వదిలేస్తాయి.

కాబట్టి 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఎవరో వ్యాపారం చేసుకుంటే అందులో దొంగతనం ఏమీ లేదు. ఇచ్చినవాడు తెలిసే ఇచ్చాడు. రెడ్ హ్యాట్ అలాగే పెరిగింది, 2019లో ఐబీఎం దాన్ని 3,400 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ కంపెనీ 1999లో షేర్ మార్కెట్‌కు వచ్చినప్పుడు ఒక మంచి పని చేయాలనుకుంది. లినక్స్‌కు కోడ్ రాసిన వాలంటీర్లకు ఉత్తరాలు రాసి, మీరు కూడా తొలి ధరకే షేర్లు కొనుక్కోండని పిలిచింది. చాలామందికి ఆ అవకాశం దక్కింది. కొందరిని మాత్రం షేర్లు అమ్మే బ్రోకర్ సంస్థ, మీకు పెట్టుబడి అనుభవం చాలదని పక్కన పెట్టింది. వాళ్లు రాసిన కోడ్ మీదే ఆ షేరుకు అంత విలువ వచ్చింది, కొనే దగ్గర అర్హత లేదన్నారు. బాకీని వెనక్కి లెక్కగట్టి తీర్చబోతే ఎంత చిక్కో ఇందులోనే తెలుస్తుంది. ఎవరు ఎన్ని లైన్లు రాశారు, ఎవరి లైను తర్వాత చెరిగిపోయింది, చనిపోయినవాళ్ల వాటా ఎవరికి పోవాలి? ఆ లెక్క ఎవరివల్లా కాదు. ఇచ్చింది ఇచ్చేసినట్టే ఉండనివ్వాలి. అది ఇచ్చినవాళ్ల గౌరవం కూడా.

మరి నేను బాకీ అంటున్నది దేన్ని? ఈ ప్రాంతంలో చెరువు పేరెత్తితే ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది. పాకాల, రామప్ప, లక్నవరం ఏడెనిమిది వందల ఏళ్ల కింద కాకతీయుల కాలంలో కట్టినవి. ఇప్పటికీ వాటి కింద పొలాలు పారుతున్నాయి. కట్టినవాళ్లకు ఇప్పటి రైతు ఏమీ చెల్లించడు, చెల్లించాల్సిన పనీ లేదు. అయితే కట్టి వదిలేస్తే అవి ఇన్నేళ్లు నిలిచేవి కావు. పూడిక తీయాలి. కట్ట మీద చెట్లు పెరిగి వేర్లు లోపలికి దిగకుండా చూడాలి. తూము తెరవాలి, మూయాలి. ముసురు పట్టిన రాత్రి మత్తడి దుంకుతుంటే కట్ట మీదే ఉండి, ఎక్కడ గండి పడేట్టుందో కనిపెట్టాలి. ఆ పనికి ఊరికో నీరటి ఉండేవాడు. పంట కల్లానికి వచ్చాక, వడ్లు ఇంటికి చేరకముందే అతని మేర, అంటే అతని వాటా వడ్లు, కొలిచి పక్కన పెట్టేవాళ్లు. పాత శాసనాల్లో దశబంధం అని వస్తుంది. చెరువు కట్టించి దాని బాగోగులు చూసేవాళ్లకు ఆయకట్టులో కొంత మాన్యంగా వదలడం అది. నీరటి పని కులం మీద మోపిన పని, ఆ కొలతలో ఎంత న్యాయం ఉండేదో ఎంత పెత్తనం ఉండేదో ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెప్తారు. ఆ ఏర్పాటును నేను పొగడటం లేదు. అందులోని ఒక లెక్క మాత్రమే మనకు కావాలి. నీళ్లు పారించుకున్న ప్రతి ఒక్కరి పంటలోంచీ కాపలా ఖర్చు ముందే తీసి పెట్టాలి, ఎక్కువ పారించుకున్నవాళ్లు ఎక్కువ కొలవాలి.

ఇప్పుడు 2014కు రండి. మనం బ్యాంకు వెబ్‌సైట్‌లో పాస్‌వర్డ్ కొడితే దారిలో ఎవరూ చదవకుండా గుప్తంగా పంపే లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. ప్రపంచంలోని వెబ్ సర్వర్లలో పెద్ద భాగం దాని మీదే నడిచేవి. 2012లో విడుదలైన వెర్షన్‌లో ఒక తప్పు దూరింది, రెండేళ్ల పాటు ఎవరి కంటా పడలేదు. 2014 ఏప్రిల్‌లో బయటపడ్డప్పుడు దానికి హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టారు. సర్వర్ జ్ఞాపకంలో ఉన్న పాస్‌వర్డ్‌లు, రహస్య తాళాలు బయటివాడు లాగేసుకునేంత తప్పు అది. అప్పుడు అందరూ అడిగారు, దీన్ని చూసుకునేది ఎవరని. పూర్తికాలం దాని మీద ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఏడాదికి వచ్చే విరాళాలు రెండు వేల డాలర్ల చుట్టుపక్కల. గండి పడ్డాక లినక్స్ ఫౌండేషన్ ముందుకొచ్చి ఒక నిధి పెడితే పెద్ద పెద్ద కంపెనీలన్నీ అందులో చేరాయి. మంచిదే. అవే కంపెనీలు 2013లో ఎందుకు చేరలేదు? ఈ ప్రశ్న నన్ను వదలదు.

పాఠం నేర్చుకున్నారనుకున్నాం. ఎక్స్‌జెడ్ కథ వినండి, పదేళ్ల తర్వాతది. ఎక్స్‌జెడ్ ఫైళ్లను కుదించే చిన్న ప్రోగ్రాం, దాదాపు ప్రతి లినక్స్‌లో ఉంటుంది. దాన్ని ఫిన్లాండ్‌కు చెందిన లాస్సే కొలిన్ అనే ఆయన ఏళ్లుగా ఒంటి చేత్తో నెట్టుకొస్తున్నాడు. 2022లో మెయిలింగ్ లిస్టులో ఎవరో కొత్త పేర్లతో దిగి ఒత్తిడి మొదలుపెట్టారు. మార్పులు ఆలస్యమవుతున్నాయి, నీకు ఆసక్తి పోయింది, ఇంకొకరికి అప్పగించు అని. ఆయన చాలా మర్యాదగా జవాబిచ్చాడు. ఆసక్తి పోలేదనీ, కొంతకాలంగా మానసిక ఆరోగ్యం బాగాలేదనీ, ఇది జీతం లేకుండా సరదాకు చేస్తున్న పని అన్నది కూడా గుర్తుంచుకోమనీ రాశాడు. ఆ ఉత్తరం బహిరంగంగానే ఉంది. ప్రపంచంలో ఎవరైనా చదవగలిగిన చోట ఒక మనిషి తన పరిస్థితి ఇలా రాసుకున్నాడు. ఆయన కోడ్‌ను లక్షల సర్వర్లలో వాడుకుంటున్న కంపెనీలు ఎన్నో. వాటిలో ఒక్కటైనా, ఆర్నెల్లు విశ్రాంతి తీసుకో అన్నా, మా ఇంజనీరు చూసుకుంటాడు అని ముందుకు వచ్చి ఉంటే!

వచ్చింది ఇంకొకరు. జియా టాన్ అనే పేరుతో ఒకరు అప్పటికే మంచి మంచి ప్యాచ్‌లు, అంటే కోడ్ సవరణలు, పంపుతూ ఉన్నారు. నమ్మకం కుదిరింది, బాధ్యత చేతికి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో విడుదల చేసిన 5.6.0 వెర్షన్‌లో దొంగదారి పెట్టారు. టెస్టు ఫైళ్ల మధ్య దాచి, కొన్ని లినక్స్‌లలో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌కు లాగిన్ అయ్యే దారి) ద్వారా సర్వర్‌లోకి చొరబడటానికి వీలుగా. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్, మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డెవలపర్. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానం వచ్చి తవ్వుకుంటూ పోయాడు. మార్చి 29న లోకానికి చెప్పాడు. అప్పటికి ఆ వెర్షన్ ప్రయోగ దశలో ఉన్నవి, ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్లు తీసుకునేవి అయిన కొన్ని లినక్స్‌లలోకే చేరింది కాబట్టి బతికిపోయాం. అర సెకను ఆలస్యాన్ని పట్టించుకున్న ఒక్క మనిషి ఉన్నాడు కాబట్టి బతికిపోయాం.

దీన్ని సెక్యూరిటీ క్లాసులో చెప్పేటప్పుడు కోడ్ ఎలా దాచారన్నది చెప్తారు. నేను మాత్రం ఇది ఒంటరిగా మిగిలిన ఒక పనివాడి కథ అనే చెప్తాను. శత్రువు వెతికింది బలహీనమైన కోడ్‌ను కాదు, సాయం అందని మనిషిని.

ఇంకో సంగతి. కర్ల్ తెలుసు కదా, స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ నడిపే, నెట్ మీద డేటా పంపి తెచ్చే ప్రోగ్రాం. ఫోన్లలో, కార్లలో, టీవీల్లో అన్నిట్లో ఉంటుంది. 2021 డిసెంబర్‌లో లాగ్4జే అనే జావా లైబ్రరీలో లోపం బయటపడి లోకమంతా ఉలిక్కిపడింది. ఆ తర్వాత నెలలో ఒక పెద్ద అమెరికా కంపెనీ నుంచి ఆయనకు ఈమెయిల్ వచ్చింది. మీ ఉత్పత్తిలో లాగ్4జే ఉందా, ఏం చర్యలు తీసుకున్నారు, 24 గంటల్లో జవాబివ్వండి అని. ఆయనకూ ఆ కంపెనీకీ మధ్య ఏ ఒప్పందమూ లేదు, పైసా ఇచ్చిందీ లేదు. ఆయన సహనంగా, సపోర్ట్ కాంట్రాక్టు తీసుకోండి, సంతోషంగా అన్నీ చెప్తానని రాశాడు. ఊరికే తీసుకున్నదానికి హుకుం కూడానా! బాకీ తీర్చకపోవడం ఒక తప్పయితే ఇది ఇంకో మెట్టు పైన.

నేను హైదరాబాద్‌లో పనిచేసిన ఒక కంపెనీలో ఇలాంటిదే జరిగింది. తెలుగులో, హిందీలో బిల్లులు పీడీఎఫ్‌గా తయారుచేసే ప్రాజెక్టు. వాడిన లైబ్రరీ ఒక్క మనిషి నడిపేది. బిల్లులో ‘విద్యుత్’ అన్న మాటలో య వత్తు ఊడి పక్కకు పడుతోంది. మావాళ్లు అతని పేజీలోకి వెళ్లి, అర్జెంట్, శుక్రవారం లోపల కావాలని రాశారు. అతను తెలుగు చదవలేడు. ఏ అక్షరం ఎక్కడ ఉండాలో బొమ్మ గీసి పంపమన్నాడు, పంపాను, రాత్రి పూట కూర్చుని సరిచేశాడు. అతనికి ఏదైనా ఇద్దామని మేనేజర్‌ను అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు, ఇద్దామనే అన్నాడు. కొనుగోలు విభాగానికి పోయాక అక్కడ ఆగిపోయింది. వెండర్‌గా రిజిస్టర్ అవ్వాలి, జీఎస్టీ నంబర్ కావాలి, మూడు కొటేషన్లు కావాలి. ఉచితంగా దొరికేదానికి డబ్బెందుకు కడుతున్నామో ఆడిటర్‌కు కాగితం మీద చూపాలి. అదే నెలలో ఎవరూ తెరవని ఒక సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌ను మాత్రం మారుమాట లేకుండా రెన్యువల్ చేశారు. కొనడానికి పద్దు ఉంది, దొరికినదాన్ని బతికించుకోవడానికి పద్దు లేదు. ఇక్కడున్న మేనేజర్లు, కంపెనీలు పెట్టుకున్నవాళ్లు దయచేసి ఈ ఒక్కటి పట్టించుకోండి. చాలాచోట్ల అడ్డు మనసులో లేదు, పద్దు పుస్తకంలో ఉంది.

కంపెనీలు అసలు ఏమీ ఇవ్వడం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌కు ఇవాళ వచ్చే మార్పుల్లో ఎక్కువ భాగం కంపెనీల జీతం మీద ఉన్నవాళ్లు రాసేవే. హార్ఫ్‌బజ్ సంగతి ఇందాక చెప్పాను. తమకు పట్టు కావాల్సిన పెద్ద ప్రాజెక్టులో మనుషులను పెడతారు. ఆ పెద్దదాని కింద, దాని కింద, ఎవరి కంటికీ ఆనని చిన్న లైబ్రరీలు ఉంటాయి చూశారా, ఎండిపోయేది అక్కడ. ఎక్స్‌జెడ్ అక్కడిదే.

లైసెన్స్ మార్చి దారికి తేవచ్చు కదా అంటారు. డేటా నిల్వ, వెతుకులాట సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీల్లో మోంగోడీబీ 2018లో మార్చింది, ఎలాస్టిక్ 2021లో, రెడిస్ 2024లో. క్లౌడ్ కంపెనీలు మా సరుకు అమ్ముకుంటున్నాయన్నది వాళ్ల ఫిర్యాదు. ఎలాస్టిక్ మార్చగానే అమెజాన్ ఓపెన్‌సెర్చ్ అని వేరు కుంపటి పెట్టింది, రెడిస్ మార్చగానే వాల్కీ వచ్చింది. తర్వాత ఎలాస్టిక్, రెడిస్ రెండూ మళ్లీ ఏజీపీఎల్ అనే లైసెన్స్‌తో ఓపెన్ సోర్స్ దారికి వచ్చాయి. అది పెట్టుబడి ఉన్న కంపెనీకీ ఇంకా పెద్ద కంపెనీకీ మధ్య పంచాయితీ. లాస్సే కొలిన్‌కు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఒరిగేది ఎక్కడో చెప్తాను. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ చూడండి, మీ అందరి ఫోన్లలో ఉంది. 2000లో రిచర్డ్ హిప్ మొదలుపెట్టాడు, కాపీరైట్ కూడా ఉంచుకోకుండా జనానికి వదిలేశాడు. దాన్ని నమ్ముకున్న కొన్ని కంపెనీలు ఒక కన్సార్షియంగా చేరి ఏటా చందా కడతాయి, ఆ డబ్బుతో కొద్దిమంది నిపుణులు పూర్తికాలం దాన్నే చూసుకుంటారు. కోడ్ ఉచితం, కాపలాకు జీతం. జర్మనీ ప్రభుత్వం 2022లో సావరిన్ టెక్ ఫండ్ పెట్టి, ఇలాంటి పునాది సాఫ్ట్‌వేర్‌కు ప్రజాధనం ఇస్తోంది. మన దేశంలో షేర్ బ్రోకింగ్ కంపెనీ జెరోధా 2024లో ఏడాదికి పది లక్షల డాలర్లతో ఓపెన్ సోర్స్ కోసం ఫ్లాస్ ఫండ్ ప్రకటించింది. అదే ఏడాది సెంట్రీ కంపెనీ చొరవతో ఓపెన్ సోర్స్ ప్లెడ్జ్ వచ్చింది. కంపెనీలో ఉన్న ఒక్కో డెవలపర్‌కు ఏడాదికి కనీసం రెండు వేల డాలర్ల చొప్పున మెయింటైనర్లకు, అంటే కోడ్‌ను కనిపెట్టుకుని ఉండేవాళ్లకు, ఇస్తామని ఒప్పుకోవడం అది. ఎకరాన్ని బట్టి కొలవడం అంటే ఇదే. నాకు నచ్చింది అందుకే.

డబ్బిస్తే పెత్తనం వస్తుంది కదా అని మొన్న ఒక అధ్యాపక మిత్రుడు అడిగారు. నిజమే, ఆ భయం ఉండాలి. అందుకే ఇచ్చేది ఫలానా ఫీచర్ కావాలని కాకుండా ఏడాది పొడుగునా షరతు లేకుండా ఇవ్వాలి. కొందరు మెయింటైనర్లు డబ్బు వద్దంటారు, ఆ మాటకూ విలువివ్వాలి. వాళ్లకు కావాల్సింది ప్యాచ్‌ను చదివి చూసే రెండో జత కళ్లు. మీ టీములో ఒక మనిషికి నెలలో రెండు రోజులు, మనం వాడే లైబ్రరీ పని ఆఫీసు పనే అని రాసివ్వండి. రాసివ్వకపోతే అది రాత్రుళ్ల మీద పడుతుంది. జావాస్క్రిప్ట్‌లో పనిచేసేవాళ్లు రేపు ఆఫీసుకు పోగానే మీ ప్రాజెక్టు ఫోల్డర్‌లో ‘ఎన్‌పీఎం ఫండ్’ అని కమాండ్ కొట్టండి. మీరు వాడే ప్యాకేజీల్లో ఎవరెవరు సాయం అడుగుతున్నారో జాబితా వస్తుంది. దాన్ని ప్రింట్ తీసి ఫైనాన్స్‌వాళ్ల టేబుల్ మీద పెట్టండి. మడికొండలో ఇరవై మందితో నడిచే కంపెనీ రెండు వేల డాలర్ల చొప్పున ఇవ్వలేదు, నాకు తెలుసు. జాబితాలో ఒక్కరిని ఎంచుకుని నెలకు వెయ్యి రూపాయలతో మొదలుపెట్టినా ఆ పద్దు అంటూ ఒకటి తెరుచుకుంటుంది.

వెనక నుంచి తమ్ముడు చేయెత్తాడు, చెప్పు నాన్నా.

(విద్యార్థి: సార్, మేం ఇంకా చదువుకుంటున్నాం. మా దగ్గర డబ్బు లేదు, కంపెనీ లేదు. మేం చేయగలిగింది ఏమైనా ఉందా?)

మంచి ప్రశ్న. ముందు చేయకూడనిది చెప్తాను. 2020 అక్టోబర్‌లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో, ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపినవాళ్లకు ఇచ్చే టీషర్టు కోసం వేలమంది అర్థం లేని మార్పులు పంపి మెయింటైనర్లను ముంచెత్తారు. ప్రాజెక్టు పరిచయ ఫైలు రీడ్‌మీలో ఒక మాట చేర్చడం, ఒక చుక్క తీయడం, అంతే. నిర్వాహకులు మధ్యలోనే నియమం మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పంపాలన్నారు. రెజ్యూమెలో ఒక లైను కోసం అలసిపోయిన మనిషి మీద ఇంకో బరువు పెట్టకండి.

చేయాల్సింది చాలా ఉంది, అది మీరు తప్ప ఇంకొకరు చేయలేనిది. తెలుగు ఎక్కడ విరుగుతోందో ఆ లైబ్రరీలు రాసేవాళ్లలో చాలామందికి కనిపించదు. మీకు కనిపిస్తుంది. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే అక్షరాలు తారుమారవుతాయి, వెతికితే ఉన్న మాట దొరకదు, లైను చివర వత్తు కోసేస్తుంది. కనపడ్డప్పుడు విసుక్కుని వదిలేయకండి. ఏ ప్రోగ్రాం, ఏ వెర్షన్, ఏ ఫాంట్, ఏ మాట కొడితే ఎలా వస్తోంది, ఎలా రావాలి, పక్కపక్కన రెండు బొమ్మలు పెట్టి రాయండి. అదే తప్పు ఇంతకుముందు ఎవరైనా రాశారేమో వెతికి చూశాకే రాయండి. సరిచేసి ఇస్తే పరీక్షించి, పనిచేసింది అని మళ్లీ వెళ్లి చెప్పండి. చాలామంది ఆ ఆఖరి మాట చెప్పరు. మన ఊళ్లో ఈ పని నేర్చుకోవాలనుకునేవాళ్లు ఇప్పుడు ఆ ఎడమ వైపు టేబుల్ దగ్గరికి రండి, ఊడిపోయిన వత్తులతో ఉన్న పీడీఎఫ్‌లు నా దగ్గర కొన్ని ఉన్నాయి, కూర్చుని మొదటి రిపోర్టు కలిసి రాద్దాం.